గుర్తింపు లేని పది గుర్రాలు

స్టైన్‌రోడా,
మార్చి 1909.

మామయ్యా,

ముందు మీ ఆరోగ్యం అడగాలి, తర్వాత ఇక్కడి వానల గురించి రాయాలి, ఆ తర్వాతే అసలు సంగతికి రావాలి. అమ్మ పోయాక నన్ను పెంచి, ఉత్తరం రాసే పద్ధతి కూడా నేర్పింది మీరే కనుక నాకు తెలుసు. కాని ఇవాళ అంత ఓపిక లేదు. నా ఇంజను తిరిగింది!

మా ఫ్యాక్టరీలో పాత ఇంజన్లన్నీ కడుపునిండా భోంచేసిన పాస్టరు గారిలా ఆయాసపడుతూ తిరుగుతాయి. నాది చిన్నది. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి కాఫీ కప్పంత వెడల్పు. కాని వాటికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. తిరుగుతున్నప్పుడు దాని మీద గ్లాసుతో నీళ్ళు పెట్టాను, తొణకలేదు. ఆ ఇంజను బిగించిన కారుకి ‘ఆరు-పదహారు’ అని పేరు పెట్టాం. ఇంజను బలాన్ని గుర్రాల లెక్కన చెబుతారు కదా; ఆరు గుర్రాలు ప్రభుత్వం గుర్తించినవి, పదహారు నిజంగా లాగేవి. ఈ మధ్య కార్లన్నిటికీ ఇలా రెండు సంఖ్యల పేర్లే పెడుతున్నారు.

ఇక మీతో పని. మా డైరెక్టరు హార్నికెల్ గారికి కొత్తదేదీ నచ్చదు. “మీ ఊరి డ్యూకు గారి దివాణం ఒక్క కారు కొంటే నేను వంద చేస్తానయ్యా. ఈ సెప్టెంబరులోగా కొనకపోతే మాత్రం నీ డ్రాయింగులు బీరువాలోకి, నువ్వు దీపాల కొక్కేల విభాగంలోకి” అన్నారు. ఆయన వేళాకోళం ఆడే మనిషి కాదు.

నాలుగేళ్ళ పని మామయ్యా. ఇది బీరువాలోకి పోతే ఇంకో ఇంజను గీసే శక్తి నాకు లేదు. దివాణం కొనుగోళ్ళు చూసే మార్షల్ ఫాన్ ట్రేస్‌డోర్ఫ్ గారు మీ పేకాట బల్ల దగ్గర కూర్చుంటారు కదా. కారు తీసుకొచ్చి కోటకొండ ఎక్కించి చూపిస్తాను. ఆయన్ని ఒక్కసారి చూడమనండి, అంతే చాలు.

మీ ఆర్విన్.


ఆల్టెన్‌వెర్డా,
మార్చి 1909.

ఒరే ఆర్విన్,

నా ఆరోగ్యం బాగానే ఉంది. అడగనందుకు సంతోషం. వానలు ఇక్కడా పడుతున్నాయి.

నీ ఇంజను తిరిగిందని తెలిసి మా బల్ల దగ్గర అందరికీ నేనే బీరు పోయించాను. కాని ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదువుతూ ఆ లెక్క దగ్గర ఆగిపోయాను. పదహారు గుర్రాల్లో ఆరింటికే గుర్తింపు ఉందా? మరి మిగతా పదీ ఎవరి పిల్లలురా?

డ్యూకు గారి దివాణంలో నలభై ఏళ్ళు నేను చేసిన పని ఏమిటనుకున్నావు? ఎవరు నిజంగా బారన్, ఎవరు తనంతట తనే బారన్ అని చెప్పుకు తిరుగుతున్నాడు అని తేల్చడం. నా గదిలోకి బారన్‌గా వచ్చి, వెళ్ళేటప్పుడు ఉత్త మనిషిగా వెళ్ళినవాళ్ళు ఎంతమందో. ఒకాయన మర్నాటికి మీసం కూడా దించేసుకున్నాడు. నిజంగా ఉన్నవి లోకంలో బోలెడుంటాయిరా, దోమలు కూడా నిజంగానే ఉన్నాయి. కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు.

మార్షల్ గారితో మాట్లాడాను. డ్యూకు గారి తల్లిగారికి, అదే మన పెద్ద రాణీగారికి, ఎటూ కారు కొనాలట. మే నెలలో తీసుకురమ్మన్నారు. అప్పటికి ఆ పదింటి సంగతి ఏదో ఒకటి తేల్చుకో. దివాణం గుమ్మంలోకి పుట్టుపూర్వోత్తరాలు లేనివాటిని తోలుకురాకు. నా పరువు కూడా ఉంది మధ్యలో.

ఓటిలీకి నా ఆశీస్సులు. నీ మాటలన్నీ వింటూ కాపురం చేస్తున్నందుకు ప్రత్యేకంగా.

మామయ్య,
ట్రౌగోట్ మెర్బాఖ్,
విశ్రాంత దివాణం కౌన్సిలర్.


స్టైన్‌రోడా,
ఏప్రిల్ 1909.

మామయ్యా,

ఆ పదీ నా పిల్లలే. పుట్టుపూర్వోత్తరాలు అడిగారు కనుక చెబుతున్నాను.

ఇంజను వేగంగా తిరగాలంటే పిస్టను తేలిగ్గా ఉండాలి. అందుకని దాని గోడలు గీకి గీకి పల్చన చేశాను. ఊపిరి బాగా ఆడాలి కాబట్టి వాల్వులు వెడల్పు చేశాను. అంత వేగానికి నూనె అందకపోతే గంటలో అరిగిపోతుంది. అందుకని ప్రధాన ఇరుసు పొడవునా లోపల్నించి సన్నని దారి తొలిపించాను. ఇరుసు తిరుగుతుంటే నూనె దానంతటదే ప్రతి కీలుకీ వెళుతుంది. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా పది గుర్రాలూ పోతాయి. ఓటిలీకి ఇదంతా చెబితే, “పాపం, వాటి మీదున్న శ్రద్ధలో సగం నా పొయ్యి మీద పెట్టకూడదూ? పొగకి దగ్గలేక చస్తున్నాను” అంది.

ఇక ప్రభుత్వం ఆరే ఎందుకు గుర్తించిందన్నది పెద్ద కథ. వచ్చినప్పుడు నోటితో చెబుతాను. ఉత్తరంలో రాస్తే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపుతారు. కంగారు పడాల్సిందేమీ లేదు. ఎవరి పరువుకీ భంగం లేదు. కారు రైల్లో వస్తుంది, వెనకాలే నేను వస్తాను.

మీ ఆర్విన్.


ఆల్టెన్‌వెర్డా,
మే 1909.

ఒరే ఆర్విన్,

నువ్వు రైలెక్కేటప్పుడు నీ మొహం చూశాను. వంద కార్లూ అప్పుడే అమ్మేసినట్టు నవ్వుతున్నావు. ఆ నవ్వు చెడగొట్టడం నాకూ ఇష్టం లేదు. కాని చెప్పక తప్పదు.

ముందు మంచి మాట. కోటకొండ నేను చిన్నప్పటినుంచి ఎక్కుతున్నాను. కాలినడకన, గుర్రపుబండి మీద, ఒకసారి తాగి చేతుల మీద పాకుతూ కూడా. మొన్న ఎక్కినట్టు ఎప్పుడూ ఎక్కలేదు. మార్షల్ గారు ముందు, నేనూ ఆయన భార్యా ఆవిడ కుక్కా వెనక. నా టోపీ మొదటి మలుపులోనే ఎగిరిపోయింది. “నెమ్మదిగా పోనివ్వరా” అని పైకి అరిచాను గాని, నువ్వు మాట వినకూడదని లోపల కోరుకున్నాను. పైకెళ్ళాక దిగి, ఊరంతా ఒకసారి చూసుకున్నాను. గర్వంగా అనిపించిందిరా. మా చెల్లెలు ఉంటే బాగుండేదనిపించింది.

ఇక రెండోది. సాయంత్రం పేక ముక్కలు పంచుతూ మార్షల్ గారు అడిగారు, “ఎన్ని గుర్రాలన్నారు?” అని. ఆరు-పదహారు అన్నాను. “అధికారికంగా?” అన్నారు. ఆ బల్ల దగ్గర అబద్ధం చెప్పలేను కదా, ఆరు అన్నాను. ఆయన ముక్కలు బోర్లించేశారు.

“కౌన్సిలర్ గారూ, బీరు బట్టీ గుండెల్‌మన్ పది గుర్రాల కారులో తిరుగుతున్నాడండీ. పెద్ద రాణీగారు ఆరింటితో ఎదురొస్తే, సందులో ఎవరు ఎవరికి తప్పుకోవాలో మీరే చెప్పండి” అన్నారు.

“గుండెల్‌మన్ కారు కోటకొండ సగంలో ఆగిపోతుందండీ” అన్నాను.

“ఆగనివ్వండి. పది గుర్రాలతో ఆగుతుంది” అన్నారు.

 నిజం చెప్పొద్దూ, నలభై ఏళ్ళు నేనూ అదే మాట అందరికీ చెప్పాను. కొనడం లేదన్నారు. నువ్వు నోటితో చెబుతానన్న కథ కూడా చెప్పకుండానే వెళ్ళిపోయావు.

మామయ్య.


స్టైన్‌రోడా,
జూన్ 1909.

మామయ్యా,

మార్షల్ గారి భార్యకి చెప్పండి, ఆవిడ కుక్కకి ఆయనకన్నా ఎక్కువ తెలుసు. కొండ దిగి కారు ఆపాక అది బానెట్ దగ్గరికెళ్ళి తోకాడించింది.

హార్నికెల్ గారికి సంగతి చెప్పాను.  బీరువా తాళంచెవి తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. సెప్టెంబరు దాకా గడువిచ్చాను కాబట్టి సెప్టెంబరుకే మూస్తాను, నేను మాట తప్పే మనిషిని కాను అన్నారు. అంతటి మర్యాదస్తుడు.

కొక్కేల విభాగంలో నాకు కుర్చీ కూడా తుడిచి ఉంచారు. ఓటిలీ ధైర్యం చెబుతోంది గాని, ఆమెకూ ఏడుపొస్తోందని తెలుస్తోంది. నాకు ఇంకేమీ రాయాలని లేదు.

ఆర్విన్.


ఆల్టెన్‌వెర్డా,
ఆగస్టు 1909.

ఒరే ఆర్విన్!

ఆ తాళంచెవి తీసుకెళ్ళి మీ ఊరి చెరువులో పడెయ్. మీ మామయ్య ఇంకా బతికే ఉన్నాడు.

పదహారు గుర్రాలకీ గుర్తింపు తెచ్చాను!

ఎలాగంటావా? గుర్రాలని గుర్తించేది ఎవరని వాకబు చేస్తే, వాహనాల పన్ను ఆఫీసన్నారు. నేనేమీ ఆశ్చర్యపోలేదు. బారన్ బిరుదుకీ రుసుము ఉంది. గౌరవం ఉన్నచోట రుసుము ఉండకుండా ఎలా ఉంటుంది? నల్లకోటు వేసుకుని, నా పతకం పెట్టుకుని స్వయంగా వెళ్ళాను. నా చేత్తో రాసిన అర్జీ ఇచ్చాను. ఈ రకం కారులో నిజంగా పదహారు గుర్రాలు లాగుతుండగా ఆరింటినే గుర్తించడం మిగిలినవాటికి అన్యాయమనీ, నేను స్వయంగా కొండ ఎక్కి సాక్షినయ్యాననీ, పదహారింటినీ లెక్కలోకి తీసుకోవాలనీ ప్రార్థించాను.

అక్కడి గుమాస్తా అది చదివి, లేచి నిలబడ్డాడు. “నిజంగానే అంటున్నారా కౌన్సిలర్ గారూ?” అన్నాడు. అవునన్నాను. ఇంకో ఇద్దరిని పిలిచాడు. వాళ్ళూ చదివారు, వాళ్ళూ నిలబడే ఉన్నారు. “మరోసారి ఆలోచించుకుంటారా?” అని అడిగారు. ఆ ఆఫీసులో అంత మర్యాద నేను ఊహించలేదు. చివరికి పెద్దాయన వచ్చి, ఎక్కువ కడతామనేవారిని వద్దనే నిబంధన ఏదీ తనకు కనబడటం లేదని చెప్పి సంతకం పెట్టాడు. చేయి కలిపి, తన ఉద్యోగంలో ఇలాంటి అర్జీ ఇదే మొదటిదన్నాడు. కళ్ళు చెమర్చాయి పాపం.

మూడు ముద్రలున్నాయిరా దాని మీద! అది పట్టుకుని తిన్నగా మార్షల్ గారింటికి వెళ్ళాను. చదివి, “ఇక పెద్ద రాణీగారికి గుండెల్‌మన్ దారివ్వాల్సిందే” అన్నారు. కొంటున్నారు. మీ డైరెక్టరుకి నేనే తంతి కొట్టాను. నువ్వేమీ మాట్లాడకు. కృతజ్ఞతలు వచ్చినప్పుడు చెబుదువుగాని, బాతు వేపుడు చేయిస్తాను.

మామయ్య,
ట్రౌగోట్ మెర్బాఖ్,
విశ్రాంత దివాణం కౌన్సిలర్.


స్టైన్‌రోడా,
ఆగస్టు 1909.

మామయ్యా, ఏం పని చేశారండీ ఇది!

ఆ పది గుర్రాలూ దిక్కులేనివి కావు. దాక్కున్నాయి. నేనే దాచాను!

ప్రభుత్వం కారు మీద పన్ను వేసేది గుర్రాల లెక్కన. ఆ గుర్రాలని లెక్కపెట్టడానికి సిలిండరు వెడల్పూ పొడవూ కొలుస్తారు. అది ఎంత వేగంగా తిరుగుతుందో మాత్రం అడగరు. మనిషి పొట్ట చుట్టుకొలత తీసి, వీడు ఇంత పని చేస్తాడని రాసేసినట్టు. అందుకే దేశంలో ఇంజనీర్లందరం ఒకటే పని మీద ఉన్నాం. మొదటి సంఖ్య తగ్గించాలి, రెండోది పెంచాలి. ఆరింటి పన్ను కట్టి పదహారింటి పని చేయించుకోవాలి. నా పల్చటి పిస్టన్లూ, వెడల్పు వాల్వులూ, ఇరుసులో నూనె దారీ అన్నీ దీనికోసమే. నాలుగేళ్ళు కష్టపడి పది గుర్రాలని ప్రభుత్వం కంట పడకుండా చీకట్లో కట్టేస్తే, మీరు నల్లకోటు వేసుకుని వెళ్ళి పాక తలుపు తీసి పట్టుకున్నారు!

వాళ్ళు మర్యాద కోసం లేచి నిలబడలేదు మామయ్యా. అలాంటి మనిషిని కూర్చుని చూడటం కుదరక లేచారు.

ముందే చెప్పనందుకు తప్పు నాదే. నలభై ఏళ్ళు సర్కారు ఉప్పు తిన్న మీకు, ఇది పన్ను తగ్గించే ఇంజను అని చెప్పడానికి సిగ్గేసింది. కాని మీరు కూడా ఒక్కమాట అడిగి ఉండాల్సింది. లోకంలో ఏది కనబడినా ముద్ర కొట్టడం తప్ప మీకు వేరే పని లేదా?

ఆర్విన్.


ఆల్టెన్‌వెర్డా,
సెప్టెంబరు 1909.

మహారాజశ్రీ ఇంజనీరు ఆర్విన్ క్నౌట్ గారి సముఖమునకు,

తమరి లేఖ అందినది. అందులోని విషయములు గ్రహింపబడినవి.

ఇందుమూలముగా తమరికి తెలియజేయునది ఏమనగా, ఈ క్రింద సంతకము చేసినవాడు పన్ను ఎగవేతలో శిక్షణ పొందియుండలేదు. కావున తమరి ప్రతిభను సకాలములో గుర్తింపలేకపోయినాడు. ముద్రలు కొట్టుట తప్ప వేరు పని లేనివాడగుటచే, ఇకమీదట తమరి వ్యవహారములందు జోక్యము చేసికొనడు. బాతును పక్కింటివారికి ఇచ్చివేయడమైనది.

చిత్తగించవలెను.

ట్రౌగోట్ మెర్బాఖ్.

ఓటిలీకి దగ్గు తగ్గిందా? ఇది ఆమెను అడుగుతున్నాను. తమరిని కాదు.


స్టైన్‌రోడా,
డిసెంబరు 1909.

మామయ్యా,

ఓటిలీకి దగ్గు తగ్గింది. మీ ఉత్తరం చదివి నవ్వితే తగ్గిందంటోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మీతో అలా మాట్లాడకుండా ఉండాల్సింది. క్షమించండి.

మీరే గెలిచారు. పెద్ద రాణీగారి కారు మీ ఊరు చేరిన వారంలోనే చుట్టుపక్కల కౌన్సిలర్లూ, జడ్జీలూ, ఇద్దరు బారన్లూ ఆర్డర్లు పంపారు. అందరూ అడుగుతున్నది ఒకటే, తమకు వచ్చే కారుకీ గుర్తింపు పదహారేనా అని. పన్ను ఎక్కువ పడుతుందని ఒకాయనకి చెప్పబోతే, “అంటే నేను కట్టలేననా మీ ఉద్దేశం?” అని మీదికొచ్చాడు. హార్నికెల్ గారు కారు పేరులోంచి ఆరు తీసేయించారు. ఇప్పుడది ఒట్టి ‘పదహారు, దివాణం రకం’. బీరువా తాళంచెవి నా బల్ల మీంచి తీసేశారు. వంద కార్లు చేస్తున్నారు.

నన్ను చీఫ్ ఇంజనీరుని చేశారు. కారు ముందు ఇత్తడి పలక మీద నా పేరు కూడా వేయించారు. గిరాకీని బట్టి బానెట్ కింద చిన్న చిన్న మార్పులు చేస్తున్నాం. అవన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. అంతా బాగుంది.

పండక్కి వస్తాం. బాతు మేమే తెస్తాం.

మీ ఆర్విన్.


ఆల్టెన్‌వెర్డా,
ఏప్రిల్ 1910.

ఒరే ఆర్విన్,

పండక్కి వచ్చి నువ్వు తిన్నది తక్కువ, కిటికీలోంచి చూసింది ఎక్కువ. కొత్త హోదా బరువేమో అనుకున్నాను. ఇవాళ వేరే అనుమానం వచ్చింది.

మార్షల్ గారు సొంతానికి ఒకటి కొన్నారు, దివాణం రకం. ఊరంతా చూడాలని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోటకొండకి తీసుకెళ్ళారు. టోపీ గట్టిగా పట్టుకున్నాను. అక్కర్లేకపోయింది. మొదటి మలుపు దాటాక అది దగ్గడం మొదలెట్టింది. రెండో మలుపులో ఇంజను తిరుగుతూనే ఉంది గాని కారు ఆగిపోయింది. డ్రైవరు దిగి తోశాడు. మార్షల్ గారు దిగి తోశారు. తర్వాత నేనూ దిగాను. సరిగ్గా అప్పుడే వెనకాల గుండెల్‌మన్ వచ్చి మాకన్నా కాస్త కిందుగా ఆగిపోయాడు. టోపీ తీసి మార్షల్ గారికి నమస్కారం పెట్టాడు, ఆయనా పెట్టారు. ఇద్దరికీ గౌరవంలో లోటేమీ జరగలేదు.

పక్కనుంచి తోసేటప్పుడు నా చెయ్యి బానెట్ మీద పడిందిరా. కింద ఏదో పెద్ద పీపా దొర్లుతున్నట్టుంది. ఆ మే నెలలో నువ్వు ఎక్కించినప్పుడు ఈ మోత లేదు. నాకు యంత్రాలు తెలియవు. కాని దొంగ బారన్ని గొంతు విని పట్టుకున్నవాణ్ణి.

ఇది నీ ఇంజనేనా? నిజం చెప్పు.

మామయ్య.


స్టైన్‌రోడా,
మే 1910.

మామయ్యా,

కాదు.

మొదటి పన్నెండు కార్లకి నాది పెట్టారు. తర్వాత ఒకరోజు హార్నికెల్ గారు నన్ను కూర్చోబెట్టి అడిగారు. “చీఫ్ ఇంజనీరు గారూ, సిలిండర్లు చిన్నవిగా చేసింది ప్రభుత్వం గుర్రాలు తక్కువ లెక్కపెట్టడానికే కదా? ఇప్పుడు మన కస్టమర్లు ఎటూ పదహారింటికీ కడుతున్నారు. కడతామని పోట్లాడుతున్నారు. ఇక చిన్నవి ఎందుకండీ?”

నేను పెన్సిలు కింద పెట్టేశాను.

పెద్ద సిలిండర్లు పోత పోయడం తేలిక. నెమ్మదిగా తిరిగేవాటికి పల్చటి పిస్టన్లు అక్కర్లేదు, ఇరుసులో నూనె దారి అక్కర్లేదు. కొలిస్తే నిక్కచ్చిగా పదహారు గుర్రాలు వస్తాయి, మీ ముద్ర అవసరం కూడా లేదు. కాకపోతే ఆ ఇనుమంతా మోసుకోవడానికే దాని బలం సరిపోతుంది. కొండలు ఎక్కదు. ఆ మాట చెబితే, “మన కస్టమర్లు కొండలు ఎక్కరు, ఊరేగుతారు” అన్నారు. ఆయన లెక్కలో ఒక్క తప్పు లేదు మామయ్యా. నేనూ ఇంజనీర్నే, ఉంటే పట్టుకునేవాణ్ణి.

పలక మీద పేరు నాది. కింద ఉన్నది నాది కాదు. ఆ డ్రాయింగు మీద సంతకం కూడా నేనే పెట్టాను. రొట్టెల దుకాణంలో ఓటిలీని ఇప్పుడు “చీఫ్ ఇంజనీరు గారమ్మా” అని ముందుకి పిలిచి ఇస్తున్నారు. ఆమె ఆ రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి నా మొహం చూస్తుంది.

మీరు కొండ ఎక్కిన ఆ మొదటి కారు రంగుల షెడ్డు వెనక గోనెపట్టా కింద ఉంది. ఎవరికీ పనికిరాదు కనుక, కంపెనీ కృతజ్ఞతగా నాకే ఇచ్చేశారు. అప్పుడప్పుడూ వెళ్ళి హ్యాండిల్ తిప్పి వస్తాను. ఇప్పటికీ మొదటి తిప్పుకే అందుకుంటుంది. అది అందుకున్నప్పుడే ఎక్కువ బాధగా ఉంటుంది.

మీ మీద కోపం లేదు. నిజంగా లేదు.

ఆర్విన్.


ఆల్టెన్‌వెర్డా,
జులై 1910.

ఒరే ఆర్విన్,

తంతి కొట్టగానే ఎందుకని అడక్కుండా కారు రైలెక్కించావు. అందుకు సంతోషం. ఇప్పుడు చెబుతాను.

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఎవరికీ చెప్పకు. నలభై ఏళ్ళు ఇంతమందికి గుర్తింపు ఇచ్చాను గాని, నా ఇంట్లో పెరిగినవాడు ఏం చేశాడో ఒక్కసారి బానెట్ ఎత్తి చూడాలని నాకు తోచలేదు. కొక్కేల విభాగమే నయం. అక్కడ కనీసం నీ కొక్కెం నీదయ్యుండేది. ఇది నేను చేసిన పని. నేనే సరిచెయ్యాలి.

నల్లకోటు మళ్ళీ వేసుకుని ఆ ఆఫీసుకి వెళ్ళాను, ఈ కారుకిచ్చిన గుర్తింపు రద్దు చేయండని. ఒకసారి ఇచ్చిన గుర్తింపు అగౌరవమైన నడత వల్ల గాని, మరణం వల్ల గాని తప్ప పోదన్నారు. దివాణం బిరుదుల నిబంధనల్లోంచి తీసుకున్నదే అది, రాసింది నేనే. బాగా రాశాను, ఎక్కడా సందు లేదు. కారు నడతలో వేలెత్తి చూపేదేమీ లేదు కనుక మరణానికే ఒప్పుకున్నాను. కమ్మరిని పిలిచి నాలుగు చక్రాలూ ఊడదీయించాను. ఇన్‌స్పెక్టరు వచ్చి, నా కట్టెల కొట్టంలో దుంగల మీద పడుకున్న కారుని చూసి టోపీ తీశాడు. మరణ కారణం అనే గడిలో ఏం రాయాలని అడిగాడు. ‘గౌరవం’ అని రాయమన్నాను. రాశాడు.

తర్వాత చక్రాలు మళ్ళీ బిగించి, ఏ రకం పేరూ చెప్పకుండా, ఇప్పుడే పుట్టిన కొత్త కారుగా తీసుకెళ్ళాను. సిలిండర్లు కొలిచారు. ఆరు. అదే గుమాస్తా ఈసారి కూర్చునే రాసిచ్చాడు.

ఇక విను. పశువుల డాక్టరు ఊర్బాన్ గారిని ఎరుగుదువు కదా, కొండల్లో పల్లెలన్నీ తిరుగుతాడు. ఆయన గుర్రానికి ముసలితనం వచ్చి, పశువుకన్నా ముందు దానికే వైద్యం చెయ్యాల్సి వస్తోంది. పన్ను కట్టలేకే ఇన్నాళ్ళూ కారు కొనలేదు. నిన్న కబురంపితే వచ్చాడు. కాగితం మీద ఆరు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఆ సంఖ్య చూసి సంతోషించిన మనిషిని ఇప్పటికి ఒక్కణ్ణే చూశాను. ఇలాంటి డాక్టర్లు ఈ కొండల్లో ఇంకా ఉన్నారట, సంఘం కూడా ఉందట. వాళ్ళకీ ఇలాంటివే చేద్దాం. నువ్వు ఉద్యోగం ఇప్పుడే మానకు, ఓటిలీని రొట్టెకి వరసలో నిలబెట్టకు. ఆదివారాలు ఇక్కడికి రా. కమ్మరి సిద్ధంగా ఉన్నాడు, కట్టెల కొట్టం ఖాళీ చేయించాను. ఇంజను మొదట్నించీ నాకు నేర్పు. ఇరుసులో ఆ నూనె దారి ఎటునుంచి ఎటు వెళుతుందో చూడాలి.

డాక్టరు గారు కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. “కాగితం మీద ఆరేనా? ఖాయంగా?” అన్నాడు. ఆరేనండీ, ఒక్కటి కూడా ఎక్కువ లేదు అన్నాను, ఆఫీసు గొంతుతో. ఆయన దగ్గరికొచ్చి, “మరి కొండ మీద ఎన్ని లాగుతాయండీ?” అని మెల్లిగా అడిగాడు.

నా ఉద్యోగంలో కాగితం మీద లేని మాట ఒక్కటి కూడా బయటికి అనలేదురా నేను. వీధిలోకి అటూ ఇటూ చూసి, కొట్టం తలుపు దగ్గరికి వేసి, ఆయన చెవిలో చెప్పాను.

మామయ్య.